ఇరవై నాలుగో కొంగ

సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. గాలి లేదు, మెట్ల మీద తడి ఆరలేదు, తూర్పున మబ్బు పలచబడి ఎండ వచ్చే సూచన మాత్రం కనిపిస్తోంది. పాత కాగితంతో పనిచేసేవాళ్లకు ఇది మంచి వాతావరణం కాదు. తేమకు అంచులు ముడుచుకుంటాయి, జిగురు మెత్తబడుతుంది. అయినా మొక్కల మేడం గొడుగు మూలన ఆనించి, చెప్పులు విప్పి, అన్నగారి గదిలోకి నడిచింది. ఆవేళ పని కాగితాన్ని ముట్టుకోవడం కాదు, చదివి వినిపించడం.

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఆమెను వీధిలో చిన్నా పెద్దా అందరూ మొక్కల మేడమనే అంటారు. అన్నగారికి చూపు మందగించినప్పటి నుంచి వారంలో సగం రోజులు ఆమె ఈ ఇంటికి వచ్చి, ఉత్తరపు కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, ఆయన చూడలేనివి చూసి చెబుతోంది. బల్ల మీద పచ్చటి ఊలు గుడ్డ, దాని మీద పట్టకారు, భూతద్దం, తడి పీల్చే అద్దకపు కాగితాలు. అన్నగారు సర్వేయరుగా పనిచేసిన మనిషి. వస్తువులు బల్ల అంచుకు వరుసగా లేకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఇప్పుడు అవి కనిపించకపోయినా వేళ్లతో తడిమి సరిచేస్తూ ఉంటారు.

"ఏదీ, చదువు. ఏమని ఏడ్చాడో విందాం," అన్నారు.

అన్నగారే స్థాపించిన స్టాంపుల సంఘం అచ్చు వేయబోతున్న చేతిపుస్తకం ప్రూఫు కాగితాలు అవి. శుక్రవారం అచ్చాఫీసుకు వెళ్లిపోతాయి. మేడం కళ్లద్దాలు సవరించుకుని చదివింది.

"'కొంగ స్టాంపు అచ్చులో బొమ్మలు ఇరవై మూడే. పై వరుసలో ఎడమ మూల గడి మొదటి నుంచీ ఖాళీగా ఉండేది. ఇరవై నాలుగో బొమ్మ ఉండేదన్న అభిప్రాయానికి ఎటువంటి ఆధారమూ లేదు.'"

"అభిప్రాయమట," అన్నారు అన్నగారు. "నా పేరు రాశాడా?"

"లేదు."

"అదొక మర్యాద."

ఈ ప్రాంతం పెద్ద తపాలా వ్యవస్థలో కలవకముందు కొన్నేళ్లపాటు తన ఉత్తరాలు తనే నడుపుకుంది. కొండదారుల్లో సంచులు మోసుకుపోయే బంట్రోతులు, పది పన్నెండు చిన్న తపాలా గదులు, ఒకే ఒక రకం స్టాంపు. నీలం రంగు, ఏటి ఒడ్డున కొంగ. ఒక బొమ్మ గీసి మిగతావాటిని దాని నుంచి దించుకునే సాధనం ఆ చిత్రకారుడికి అందలేదు కాబోలు, అచ్చురాయి మీద ప్రతి గడిలోనూ కొంగను విడిగా చేత్తో గీశాడు. కాబట్టి ఒక కొంగలాగ ఇంకొకటి ఉండదు. తపాలా గదుల్లో మసిముద్ర ఎప్పుడూ స్టాంపు కింది సగం మీదనే కొట్టేవారు గనక కాళ్లూ నీళ్లూ దాని కింద పోయేవి. తేడాలన్నీ మెడలోనూ తలలోనూ వెతుక్కోవలసిందే. విడదీయకుండా మిగిలిన జంట స్టాంపులను బట్టి ఏ కొంగ ఏ గడిదో తేల్చడం అన్నగారు నలభై ఏళ్లుగా చేస్తున్న పని. తేల్చిన ప్రతిదానికీ ఆయన ఒక పేరు పెట్టారు. మెడవంకర, బాకాముక్కు, తల వంచుకున్న పెళ్లికూతురు, అలిగి వెనక్కి తిరిగి చూస్తున్న బావగారు. ఆరు గడుల వరుసలు నాలుగు. ఇరవై మూడు కొంగలు తమ తమ ఇళ్లలో చేరాయి. ఎడమ మూల ఇల్లు ఒక్కటే పాడుబడినట్టు ఉండిపోయింది.

"పక్క గడి అంచున గీత తాలూకు చిన్న తోక ఉంది," అన్నారు ఆయన, వెయ్యోసారి. "చట్రం లేకపోతే గీత ఎక్కణ్నుంచి వస్తుంది? ఖాళీ గడికి చట్రం ఎవడు గీస్తాడు?"

"రాయి మీద సిరా చిందిందంటున్నారు వాళ్లు."

"సరళరేఖలో చిందుతుందా సిరా? కొలతలు తెలిసినవాడు రాయాల్సిన పుస్తకం వకీలు చేతిలో పడింది. ఇది అచ్చయితే అదే తీర్పు. ఆ తర్వాత ఎవరూ వెతకరు. వెతికేవాళ్లే లేకపోతే అది లేనట్టే." ఆయన ఆగి, పట్టకారును అరంగుళం పక్కకు జరిపారు. "సంవత్సరం తిరిగేలోగా వెలుగూ చీకటీ తప్ప ఇంకేం తెలియదన్నాడు కళ్లడాక్టరు. నాకు శుక్రవారం దాకా టైముంది అమ్మడూ. ఆ పైన ఉన్నది టైము కాదు."

వంటింట్లోంచి వదిన రెండు గ్లాసులు కాఫీ తెచ్చి బల్లకు దూరంగా స్టూలు మీద పెట్టింది. బల్ల మీద పెడితే ఏమవుతుందో పెళ్లయిన కొత్తలోనే ఆమెకు తెలిసింది.

"దొరకనిదాని కోసం ఏడవడమెందుకు, దొరికిన ఇరవైమూడింటినీ చూసుకోవచ్చుగా," అంది వదిన.

"దొరకనిదీ లేనిదీ ఒకటేనా వదినా?" అని మేడం గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మా కాలేజీలో ఎండుమొక్కల బీరువా ఉండేది. ఊరి చుట్టుపక్కల మొక్కలన్నీ కాగితాల మధ్య నొక్కి, ఎండబెట్టి, పేరు రాసి పెట్టేవాళ్లం. అందులో జెముడు ఒక్కటీ లేదు. ఆ బీరువా చూసిన పరాయివాడెవడైనా ఈ ఊళ్లో జెముడు మొలవదని రాసేస్తాడు."

"ఊరంతా జెముడే కదే," అంది వదిన.

"ఊరంతా జెముడే. ముల్లు గుచ్చుకుంటుంది, కాగితానికి లొంగదు, నీరు కారుతుంది. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. బీరువాలో ఏం లేదో చూస్తే, పోగుచేసేవాళ్లకి ఏది ఇష్టం లేదో తెలుస్తుంది."

అన్నగారు నవ్వారు. "కొంగకి ముళ్లుంటాయా?"

ఆ ప్రశ్న ఆమెతోబాటే ఇంటికి వెళ్లింది.

మంగళవారం ఎండ కాసింది. మేడం ఇస్త్రీకి ఇచ్చిన చీరలు తెచ్చుకోవడానికి వీధి చివరి లాండ్రీకి వెళ్లింది. గది నిండా వేడి గుడ్డ వాసన. లాండ్రీ ఆవిడ కాలరు మీద పెట్టె తిప్పుతూ తలతోనే కూర్చోమంది. గోడకు మేకు, మేకుకు పురికొస, పురికొసకు అంకెల కాగితాల కట్ట వేలాడుతున్నాయి. ఒక్కొక్క కాగితం మీద వరుసలుగా నంబర్లు అచ్చువేసి ఉన్నాయి. బట్టలు వచ్చినప్పుడల్లా ఆవిడ కింది నుంచి ఒక్కొక్క నంబరు చించి, గుడ్డకు ఒకటి గుచ్చి, జోడుది మనిషికి ఇస్తోంది. చించగా చించగా ఒక కాగితంలో పై మూలన పురికొస దూరిన ఒక్క ముక్క మిగిలింది. ఆవిడ దాన్ని లాగి ఎవరికీ ఇవ్వకుండా పక్కనున్న డబ్బాలో వేసింది.

"అదెందుకు పక్కన పెట్టావు?" అని అడిగింది మేడం.

"చిల్లు పడింది కదమ్మా. కట్ట కుట్టేది అక్కడే కాబట్టి ఆ మూలదానికి ఎప్పుడూ పడుతుంది. ఇస్తే మొహం అదోలా పెడతారు. చిరిగిన నంబరిచ్చావు, బట్టలూ చిరుగుతాయా అంటారు."

"మరి పారేస్తావా?"

"పారేస్తే నష్టం కాదూ. మా ఇంటి దుప్పట్లకి పెట్టుకుంటాను. ఇంకా మిగిలితే గొణగనివాళ్లకి ఇస్తాను."

"గొణగనివాళ్లెవరు?"

లాండ్రీ ఆవిడ పెట్టె నిలబెట్టి, నవ్వు ఆపుకుంటూ, మేడం చేతిలో ఉన్న చీటీ వైపు చూసింది. మేడం కూడా చూసింది. అంకె పక్కన మిరియం గింజంత చిల్లు ఉంది.

ఆమె చీరలు అక్కడే వదిలేసి అన్నగారింటికి నడిచింది.

అన్నగారు కిటికీ దగ్గర ఎండ మొహాన పడేటట్టు కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, మీ కచేరీలో కాగితాల కట్ట ఎక్కడ కుట్టేవాళ్లు?"

"ఎడమ పై మూల. ఇదేం ప్రశ్న? ఏ కచేరీలోనైనా అంతే. అంచులు సరిచేసి, దబ్బనం పట్టుకుని ఇలా..." ఎడమ చేత్తో లేని కట్టను అదిమి, కుడి చేత్తో లేని దబ్బనాన్ని పైనుంచి దింపారు. ఆ చెయ్యి సగంలో గాలిలోనే ఆగిపోయింది.

"స్టాంపు కాగితాలూ బంట్రోతు సంచిలో చెదరకుండా కుట్టి పంపేవాళ్లు," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "ఆ కాగితానికి అంచు గోరంతే. కుట్టు గడిలోనే పడుతుంది."

"చిల్లు పడిన స్టాంపులు నీకెప్పుడైనా దొరికాయా?"

"దొరక్కేం."

"చిల్లు ఎక్కడుండేది?"

"పైన. కొంగ తల దగ్గర."

"అన్నిటికీ అక్కడేనా?"

"అన్నిటికీ."

"ఎందుకు అక్కడే అని ఎప్పుడూ అనిపించలేదా?"

"చెత్తకి ఎందుకేమిటే? చిల్లు కనబడితే భూతద్దం కూడా తీసేవాణ్ణి కాదు. సంఘంలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పే పాఠం అది. చిల్లు, చిరుగు, మరక, ఇవి ఉన్నది స్టాంపు కాదు, చెత్త. నేను చెప్పాను, అందరూ విన్నారు. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఎవడి చేతికి చిక్కినా..." ఆయన చెయ్యి ఇప్పుడు బల్ల మీద పడింది. పట్టకారు వంకరగా జరిగింది. సరిచేయలేదు.

గుమ్మంలో నిలబడి వింటున్న వదిన చీపురు గోడకు ఆనించింది. "అంటే మీ కొంగ ఇన్నేళ్లూ నా చేటలోంచే పోయిందన్నమాట. ఒక్కసారైనా ఎగిరి నా మొహాన కొట్టలేదు చూశావా అమ్మాయ్."

వదినే మళ్లీ అంది, ఈసారి నెమ్మదిగా: "ఒక మనిషి దగ్గర ఉండేవి. జల్లెడ వకీలు దగ్గర."

మేడం అన్నగారి వైపు చూసింది. చేతిపుస్తకం రాసిన వకీలుకు ఉన్న ఆ పేరు ఆమె వినని రోజు లేదు, ఎందుకు వచ్చిందో ఎప్పుడూ అడగలేదు. కోర్టులో ప్రశ్నలతో జల్లించి పారేస్తాడు కాబోలు అనుకుంది.

"అప్పుడతను వకీలు కాదు, గుమాస్తా," అంది వదిన. "మంచివి కొనే స్తోమతు లేదు. ఈయన తీసేసినవి అడిగి పట్టుకుపోయేవాడు. సంఘం ప్రదర్శనకి తన ఆల్బం తెచ్చాడు పాపం, గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని. ఈయన అందరి ముందూ పేజీ లైటు మీదికెత్తి చూపించి, ఇది ఆల్బం కాదోయ్, జల్లెడ, పిండి పట్టుకోవచ్చు అన్నారు. గది గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, చెప్పొద్దూ. ఆ పేరే మిగిలింది."

"సరదాకి అన్నాను," అన్నారు అన్నగారు.

"అవును. మీకు సరదాకే."

బుధవారం మధ్యాహ్నం మేడం వకీలు ఆఫీసుకు వెళ్లింది. ముందు గదిలో కక్షిదారుల బల్ల ఖాళీగా ఉంది. లోపల అరల నిండా కాగితాల కట్టలు. ప్రతి కట్టకూ ఎడమ పై మూలన తెల్లటి ట్యాగు. ఇన్నేళ్లలో ఎన్ని ఆఫీసులకు వెళ్లిందో, ఏనాడూ కళ్లకు ఆనని ఆ మూల ఇప్పుడు ప్రతి అరలోనూ కనిపిస్తోంది.

వకీలు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. అరవై దాటినా చొక్కాకు గంజి తప్పనివ్వడు. లేచి కుర్చీ చూపించాడు.

"ప్రూఫు చూశారా అమ్మా? మీ అన్నగారికి కోపం వచ్చి ఉంటుంది."

"కోపం కంటే బాధ వచ్చింది."

"నేనేం చెయ్యను చెప్పండి. ఆధారం లేకుండా కేసు నిలబడదు. గురువు మాటైనా సాక్ష్యం కావాలి."

ఆమె లాండ్రీ సంగతి, కట్ట కుట్టే మూల సంగతి మొదటి నుంచి చెప్పింది. అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వకీలు అయినవాడు ప్రశ్నలు వేయకపోవడం ఆమెకు వింతగా తోచింది.

"చిల్లు స్టాంపులు మీ దగ్గర ఉండేవట."

"అవా," అన్నాడు అతను, కలం మూత తీసి మళ్లీ పెట్టి. "ఎప్పుడో పారేశాను. మీ అన్నగారి మాట మాకు శాసనం కదా."

తరువాత, మర్యాదకో మాట మార్చడానికో, బీరువా తెరిచి తన కొంగల ఆల్బం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నల్లటి పేజీలు. ప్రతి కొంగా శుభ్రంగా, తన తన వరుసలో ఉంది. పేర్లు అన్నగారు పెట్టినవే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మెడవంకరలు రెండు, పెళ్లికూతురు ఒకతే, బాకాముక్కులు రెండు. పేజీ తిప్పింది. బావగార్లు ఒక వరుస నిండా ఉన్నారు.

మేడం చెయ్యి అక్కడ ఆగింది. ఒక్కొక్క కాగితంలోనూ ప్రతి కొంగా ఒక్కసారే అచ్చవుతుంది. సమానంగా చల్లిన విత్తనాల్లో ఒకటి మిగతావాటి కంటే ఇన్ని రెట్లు మొలిచిందంటే కారణం నేలలో ఉండాలి, లేదా లెక్కపెట్టినవాడు రెండు రకాలను ఒకే పేరుతో లెక్కపెట్టి ఉండాలి. కాగితానికి నేల గొడవ లేదు.

"బావగార్లు ఇంతమంది ఉన్నారేమిటి?" అంది ఆమె, నిజంగా తెలుసుకోవాలనే గొంతుతో.

"దొరికారు," అన్నాడు వకీలు. ఆల్బం నెమ్మదిగా మూసి, అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి వేళ్లు ఎర్రబడేదాకా నొక్కి ఉందని ఆమె చూసింది.

అనుమానం ఆధారం కాదు. ఆ మాట ఇప్పుడే అతను చెప్పాడు. ఆమె లేచి గొడుగు తీసుకుంది. "రేపంతా నేను అన్నయ్య దగ్గరే ఉంటాను," అని మాత్రం అంది.

సాయంత్రం అన్నగారు అడిగితే, పారేశాడట అని చెప్పింది. ఆల్బం మాట చెప్పలేదు.

"బుద్ధిమంతుడు," అన్నారు ఆయన. "చెప్పినట్టు విన్నాడు." కొంతసేపటికి, "ప్రూఫు పంపించెయ్యి అమ్మడూ. దిద్దాల్సిందేమీ లేదు. ఆధారం లేదని రాశాడు, నిజమే. ఆధారాన్ని నేనే ఊడ్పించాను," అన్నారు.

ఆమె ప్రూఫు కాగితాలు సంచిలో పెట్టుకోలేదు. బల్ల మీదే ఉంచి వెళ్లింది.

గురువారం గాలి పొడిగా ఉంది. భోజనాలైన కొంతసేపటికి గేటు చప్పుడైంది. వదిన చూసి వచ్చి, ఎవరో చెప్పకుండా పక్కకు తప్పుకుంది. వకీలు చంకలో ఆల్బంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"సర్వేయరుగారూ, నేను."

"గొంతు తెలుస్తూనే ఉంది. జల్లె..." అన్నగారు ఆగారు. "కూర్చో."

అతను కూర్చోలేదు. ఆల్బం మేడం ముందు పెట్టి, బావగార్ల పేజీ తెరిచాడు.

"వీళ్లలో బావగారు ఒక్కడే. మిగతావాళ్లు వేషగాళ్లు," అన్నాడు. గొంతు కోర్టులో మాట్లాడుతున్నట్టు నిలకడగా ఉంది, ఆ నిలకడకు మాత్రం బాగా శ్రమపడుతున్నట్టు తెలుస్తోంది. "ప్రదర్శన అయిన మర్నాడే వేరే ఊరు వెళ్లాను. పాత బొమ్మలు బాగుచేసే ఆయన దగ్గరికి. చిల్లులు పూడ్చమన్నాను. కాగితం గుజ్జు పెట్టి పూడ్చాడు. తల ఎలా గీయమంటారు అన్నాడు. నా దగ్గర చిల్లులేని స్టాంపు అప్పటికి ఒకటే ఉంది, బావగారు. అది చూపించాను."

"అన్నిటికీ బావగారి తలే పెట్టాడా?" అన్నారు అన్నగారు.

"పెట్టాడు. చుట్టూ ఏమున్నా రంగు పూసి కలిపేశాడు. మొదట నాకు జ్ఞాపకం ఉండేది. పదేళ్లు అందరికీ చూపించాక నేనూ అవి బావగార్లే అనుకున్నాను. పుస్తకం రాసేటప్పుడు లెక్కలో కూడా అలాగే చేర్చాను. నిన్న అమ్మగారు ఇంతమంది ఏమిటి అని అడిగేదాకా." అతను గొంతు సవరించుకున్నాడు. "సంఘం నియమం నాకు కంఠతా వచ్చు. 'అతుకు వేసినదాన్ని మంచిదని చూపినవారికి సంఘంలో చోటు లేదు.' రేపు రాజీనామా ఇస్తాను. దానికంటే ముందు వీటి సంగతి తేల్చండి."

మేడం పట్టకారుతో ఒకదాన్ని ఎత్తి దీపం ముందు పట్టింది. కొంగ తల చుట్టూ మిరియమంత గుండ్రటి నీడ పడింది. రెండోదానికీ పడింది, మూడోదానికీ పడింది.

"నీళ్లలో వేస్తే అతుకు ఊడుతుంది," అంది ఆమె. "పై రంగు పోతుంది, అచ్చు రంగు నిలుస్తుంది. కానీ మళ్లీ చిల్లే మిగులుతుంది. ఆలోచించుకోండి."

వకీలు ఆమెను కాక అన్నగారిని చూశాడు. అన్నగారి కళ్లు అతను నిలబడ్డచోటికి కొంచెం పక్కగా చూస్తున్నాయి.

"వేయండమ్మా," అన్నాడు.

వదిన గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. మేడం తెల్లటి పళ్లెంలో పోసి, స్టాంపులను ఒకదాని మీద ఒకటి పడకుండా వదిలింది. మొదట ఏమీ కాలేదు. తరువాత ఒక కొంగ తల నుంచి పలచటి నీలపు నూలుపోగు లాంటిది బయలుదేరి నీళ్లలో కలిసింది. ఇంకొకటి. ఆమె ఒంటె వెంట్రుకల కుంచె కొనతో తాకీ తాకనట్టు తాకింది. పెసర పొట్టులాగ గుజ్జు ముక్క లేచి పక్కకు తేలింది. వకీలు ఆ పొట్టునే చూస్తూ ఉన్నాడు, అది పళ్లెం అంచుకు అంటుకునేదాకా.

అన్నిటినీ అద్దకపు కాగితం మీద బోర్లించి, పైన ఇంకొకటి వేసి, అరచేత్తో నొక్కి, వరుసగా తిప్పి పెట్టింది. దబ్బనం ప్రతిసారీ ఒక్కచోటే దిగలేదు. ఒకదానిలో కన్ను పోయింది, ఇంకొకదానిలో కన్ను ఉండి ముక్కు మొదలు పోయింది. ఒకదానిలో పోయింది ఇంకొకదానిలో ఉంది. భూతద్దం ఒకదాని మీది నుంచి ఒకదాని మీదికి ఆమె జరుపుతూ పోయింది.

"చెప్పవే," అన్నారు అన్నగారు. "మెడ?"

"నిటారుగా ఉంది. వంపే లేదు."

"బావగారిలా తిరిగి ఉందా?"

"లేదు. ఎటూ తిరగలేదు. ముక్కు పైకెత్తింది."

"పైకా? ఏ కొంగా ఎత్తలేదే. ఎందుకెత్తింది?"

ఆమె మూడోదాని దగ్గర ఆగి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. ఒకదానిలో చిల్లు అంచున చీలిన తోక. ఒకదానిలో చిన్న మొప్ప. వకీలు తనకు తెలియకుండానే ఆమె భుజం మీదుగా వంగాడు.

"చేప," అన్నాడు అతనే. "ముక్కులో చేప ఉంది సర్వేయరుగారూ."

అన్నగారు కుర్చీ చేతుల మీద వేళ్లు బిగించారు. గుమ్మం దగ్గర వదిన అంది: "ఇరవై మూడూ కొంగజపం చేస్తూ కూచుంటే, ఇదొక్కతే పని కానిచ్చిందన్నమాట."

ముందు నవ్వింది వకీలు. ఆ తరువాత అన్నగారు నవ్వారు. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగక, చివరికి కండువాతో కళ్లు ఒత్తుకోవలసి వచ్చింది.

"పారేసినవాణ్ణి నేను, పూడ్చినవాడివి నువ్వు," అన్నారు ఊపిరి తీసుకుని. "పూడ్చినవి మిగిలాయి. నేను ఎగతాళి చేయకపోతే నువ్వు పూడ్పించవు. పూడ్పించకపోతే?"

"ఎప్పుడో పారేసేవాణ్ణి. మీ శిష్యుణ్ణే కదా."

"అయితే దీన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలియడం లేదు." ఆయన చెయ్యి బల్ల మీద వెతికి ప్రూఫు కాగితాలు అందుకుని, గొంతు వచ్చిన వైపుకు చాచింది. "కూర్చోండి వకీలుగారూ. కలం తీయండి. ఆ వాక్యాలు కొట్టేసి నేను చెప్పేది రాయండి."

వకీలు కూర్చున్నాడు. ఆయన 'మీరు' అన్నది విన్నాడో లేదో మొహంలో తెలియలేదు. కలం మూత తీయడానికి మాత్రం రెండుసార్లు ప్రయత్నించాడు.

అన్నగారు కొలతలు చెప్పే గొంతుతో చెప్పారు: అచ్చులో బొమ్మలు ఇరవై నాలుగు, కట్టను ఆ మూలన కుట్టి పంపేవారు కాబట్టి మూల స్టాంపుకు చిల్లు పడేది, చిల్లుదాన్ని గొణగనివాళ్లకు అమ్మి ఉంటారు, ఇది ఊహ మాత్రమే, ఈ సంఘం స్థాపకుడు చిల్లుపడినవాటిని పరీక్షించకుండా పారేయాలని సభ్యులకు బోధించిన కారణంగా ఇవి అరుదయ్యాయి.

వకీలు కలం ఆగింది. "చివరి ముక్క అక్కర్లేదేమోనండి."

"కారణం వదిలేసి ఫలితం రాస్తారా? రాయండి."

వకీలు రాశాడు. ఆ కిందనే, ఎవరూ చెప్పకుండా, ఇంకొక వాక్యం రాసి మేడం వైపు తిప్పాడు. ఆమె పైకి చదివింది: "'ఇక్కడ వివరించినవి ఈ పుస్తకకర్తవి. వాటికి అతను అతుకులు వేయించి, ఏళ్ల తరబడి మంచివని చూపించాడు.'"

"ఆ నియమం రాసింది నేనే," అన్నారు అన్నగారు. "మార్చమని సభలో అడుగుతాను."

"అడగకండి," అన్నాడు వకీలు. "నియమం మంచిదే."

మేడం అద్దకపు కాగితాలు మార్చింది. తడి కాగితం మీద ప్రతి కొంగ తల చోటా నీలపు మరక ఒకటి దిగి ఉంది. పొడి కాగితాలు వేసి, మీద బరువు పెట్టింది. అన్నగారు వేలు చాచి ఆ బరువు అంచును తడిమి, బల్ల అంచుకు వరుసగా జరిపారు.

చేతిపుస్తకం ఒక వారం ఆలస్యంగా అచ్చయింది. అన్నగారు సభలో అడిగారు గానీ నియమం మారలేదు. వకీలు రాజీనామాను సంఘం ఆమోదించింది. తొమ్మిదేళ్ల తరువాత రెండో ముద్రణ వచ్చే నాటికి పాత ఇళ్లలో వెతకగా ఇరవై నాలుగో కొంగలు మొత్తం పదకొండు బయటపడ్డాయి. చిల్లు లేనిది ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.